ఎవరు చెప్పారో రాయని పుస్తకం

మా అక్కకు ఏదైనా చెప్పాలంటే సాక్షిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అక్కంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో, పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని మాటవరసకు అన్నాను. కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టి, "ఎవరు చెప్పారు?" అంది.

"పక్కింటావిడ."

"ఆవిడ కళ్ళతో చూసిందా?"

"ఏమో, నేనడగలేదు."

"అయితే పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడు అనకు. కలుపుతున్నాడని పక్కింటావిడ అంటోంది అను. రేపు వాడొచ్చి నిలదీస్తే ఏం చెప్తావు?"

ఆ పూటే పుట్టింటికి వెళ్ళిపోదామా అనిపించింది నాకు. కోపం వస్తే దాచుకునే అలవాటు నాకు లేదు, అది నా ముక్కుమీదే కాపురముంటుంది. "ఇది వంటిల్లా అక్కా, కోర్టా?" అని అడిగేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "రెండూను," అని మళ్ళీ కత్తి అందుకుంది. పక్కగదిలోంచి మా బావగారు చిన్నగా దగ్గారు. ఆయన ఆ ఇంట్లో అంతకు మించి మాట్లాడగా నేను విన్నది తక్కువ.

అక్క ఉద్యోగం ఊరి గ్రంథాలయంలో. పై అంతస్తులోని రిఫరెన్స్ విభాగం ఆవిడది. ఇంటికి పట్టుకెళ్ళనివ్వని లావుపాటి పుస్తకాలు, పొడుగు బల్లలు, కదిలితే కిర్రుమనే కుర్చీలు, ఒకే ఒక్క పెద్ద కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా ఊరి గడియార స్తంభం. ఎవరైనా గుసగుసలాడితే అక్క చూపుతోనే నోరు మూయించేది. పుస్తకంలో పెన్సిలుతో గీత గీసినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. రబ్బరు చేతికిచ్చి, మొత్తం చెరిపించి కానీ మెట్లు దిగనిచ్చేది కాదు. ఊళ్ళో ఆవిడను వెనకాల 'ఎవరుచెప్పారమ్మ' అని పిలిచేవారు. ఆ సంగతి ఆవిడకు నేనే మోశాను. ఎవరు చెప్పారని అడిగింది.

ఆ కిటికీ పక్కన కూర్చునే అక్క 'పట్టణ చరిత్ర కోశం' రాసింది. వంతెనలు, బడులు, మిల్లులు, వరదలు, సమ్మెలు, ఊళ్ళో ఏది ఎప్పుడు పుట్టి ఎందుకు పోయిందో అకారాది క్రమంలో ఉంటుంది అందులో. సెలవు దొరికితే చాలు, సంచీ భుజాన వేసుకుని ముసలివాళ్ళ ఇళ్ళు పట్టుకు తిరిగేది. లారీ డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు, క్షౌరం చేసేవాళ్ళు, పోస్టుమాన్లు, ఎవరినీ వదిలేది కాదు. ఆవిడకో పద్ధతి ఉండేది. విన్నది రాసుకుని వచ్చి, తీరుగా కూర్చి, మళ్ళీ అదే మనిషి దగ్గరికి వెళ్ళి చదివి వినిపించేది. వాళ్ళు "అలా కాదమ్మా" అంటే మళ్ళీ రాసేది. "అంతే" అంటే, చివర 'చెప్పినవారు' అని వాళ్ళ పేరూ పనీ వేసేది. చెప్పినవారు లేని మాట ఆ పుస్తకంలో ఒక్కటి లేదు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. తను నమ్మని మాటను కూడా అచ్చువేసేది మా అక్క. చెప్పినవారి పేరు వేసి, దాని కిందే 'ఈ మాట సంకలనకర్త నమ్మలేదు' అని రాసి, ఎందుకు నమ్మలేదో చెప్పేది.

"నమ్మనప్పుడు రాయడం దేనికి? కాగితం దండగ కాదూ?" అన్నాను ఒకసారి.

"నేను రాయకపోతే ఆ మాట చచ్చిపోతుందనుకున్నావా? ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. నా పుస్తకంలోకి వస్తే కనీసం ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలుస్తుంది."

నాకు అప్పుడది చాదస్తంగానే అనిపించింది. ఇంటి కింద నాకు కుట్టుపని దుకాణం ఉంది. గుడ్డ సరిపోకపోతే సరిపోలేదని చెప్పి వెనక్కి ఇచ్చేస్తాను తప్ప, సరిపోని గుడ్డను కుట్టి 'ఇది సరిపోదు' అని చీటీ తగిలించను.

ఆ దుకాణంలో నాతోపాటు ఒకామె పనిచేసేది. కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం ఆమె పని. కాజా తీయడంలో ఆమె చెయ్యి చూసి తీరాలి. అందుకే అందరూ కాజాలామె అనేవారు. నెమ్మదస్తురాలు. నేను అరిచినంతసేపూ అరవనిచ్చి, ఆ తర్వాత "టీ పెట్టనా అక్కా?" అనేది. నూలు మిల్లు తగలబడినప్పుడు చనిపోయిన కాపలాదారు ఆమె తండ్రి.

ఆ మిల్లు గురించి అక్క రాసింది నాకు ఇంచుమించు కంఠతా వచ్చు. 'కాపలాదారు తాగి నిద్రపోయాడనీ, తాళాలు అతని దగ్గరే ఉండిపోవడంతో వెనక తలుపు తెరుచుకోలేదనీ అంటారు. చెప్పినవారు: అప్పటి మిల్లు మేనేజరు. ఈ మాట సంకలనకర్త నమ్మలేదు. వెనక తలుపు తాళంచెవి మేనేజరు గదిలోనే ఉండేదని బతికి బయటపడ్డ కార్మికులు చెప్పారు. కాపలాదారు శవం ఆ తలుపు దగ్గరే, చేతిలో గునపంతో దొరికింది. చెప్పినవారు: శవాలను బయటికి తీసిన అగ్నిమాపక ఉద్యోగి.' మేనేజరు పేరు, కార్మికుల పేర్లు, అగ్నిమాపక ఉద్యోగి పేరు, అన్నీ పూర్తిగా ఉన్నాయి అక్కడ.

మేనేజరు అప్పటికి బాగా ముసలివాడు. అక్క తన పద్ధతి ప్రకారం ఆయన దగ్గరికీ వెళ్ళి మొత్తం చదివి వినిపించింది, నమ్మలేదన్న ముక్కతో సహా. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నన్ను అబద్ధాలకోరంటావా?" అని లేచాడట.

"మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం మార్చలేదండీ. నేను నమ్మాలని మీరేం షరతు పెట్టలేదు. కాదంటే మీ మాట వెనక్కి తీసుకోండి, తీసేస్తాను," అంది అక్క.

ఆయన వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన పేరు అలాగే అచ్చులోకి వెళ్ళింది. కాజాలామెకు కూడా అక్క చదివి వినిపించింది. ఆమె సూది ఆపకుండానే విని "సరే" అంది. 

పుస్తకం వచ్చింది. నాసిరకం కాగితం, బూడిదరంగు అట్ట. కొన్నవాళ్ళు కొన్నారు, మిగిలినవి గ్రంథాలయం బీరువాలో పడుకున్నాయి. అక్క దాని గురించి దిగులు పడలేదు.

కొన్నేళ్ళ తర్వాత రాజధాని నుంచి 'చరిత్ర మహాకోశం' వచ్చింది. ఒక పెద్ద పరిశోధన సంస్థ వేసిన సంపుటాలు. బంగారురంగు అక్షరాలు, దిండంత లావు, పట్టు దారపు పేజీగుర్తు. ప్రధాన సంపాదకుడు పేరుమోసిన చరిత్రకారుడు. మా ఊరి సంపుటం చేతికి రాగానే అక్క కిటికీ పక్కన కూర్చుని తెరిచింది. కాసేపటికి ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయకూడని ఆ గదిలో పకపకా నవ్వు వినబడిందట. తలలెత్తి చూస్తే నవ్వుతున్నది అక్కే.

సాయంత్రం నా దుకాణానికి వచ్చి, నవ్వు ఆపుకోలేక బల్లమీద కూర్చుండిపోయింది. "గడియార స్తంభం గురించి వాళ్ళేం రాశారో తెలుసా? 'మన కిటికీకి ఎదురుగా కనిపించే ఈ స్తంభం' అని రాశారే."

"ఏ కిటికీకి?"

"నా కిటికీకి. నేను ఆ కిటికీ పక్కన కూర్చుని రాస్తూ అలవాట్లో 'మన కిటికీ' అనేశాను. చూసుకోలేదు. అచ్చయిపోయింది. వాళ్ళు దాన్ని కూడా ఎత్తుకుపోయారు. రాజధానిలో ఆఫీసులో కూర్చున్నవాడికి మన గడియారం కనపడుతోంది, కళ్ళు అంత మంచివి."

నాకు నవ్వు రాలేదు, కడుపు మండింది. ఆవిడ ఎండల్లో చెప్పులు అరిగేలా తిరిగినదంతా కళ్ళముందు మెదిలింది. వీళ్ళు చల్లగా కూర్చుని పేరాలకు పేరాలు గీకేసుకుని బంగారు అక్షరాలు వేసుకుంటారా? "కోర్టుకెక్కుదాం. వాళ్ళ పరువు బజారున పెట్టకపోతే నా పేరు మార్చుకుంటా," అన్నాను.

"నా వాక్యాలు ఏం బంగారమని? ఎక్కడివో చెప్పి వాడుకుంటే మొత్తం వాడుకోమందును. చెప్పకపోవడం దొంగతనం, ఒక ముక్క రాసి పడేద్దాంలే," అంది. అంత తేలిగ్గా ఎలా అంటుందో నాకు అంతుపట్టలేదు. ఆవిడ ఇంకా 'న' దాకా చదవలేదని తర్వాత తెలిసింది.

అదే వారంలో మ్యూజియం అధికారి మా దుకాణానికి వచ్చాడు. పాడుపడిన నూలు మిల్లును బాగుచేసి ఊరి మ్యూజియంగా మారుస్తున్నారు. గోడకు శిలాఫలకం బిగించారు, ఆవిష్కరణ రోజున దానిమీద కప్పడానికి మంచి తెర కావాలి. చెడ్డవాడు కాదు, పని మీద ఉత్సాహం ఉన్న మనిషి. కొలతలు చెబుతూ, ఫలకం మీద చెక్కించిన మాటలు తన నోటితోనే ముచ్చటగా చదివాడు. మిల్లు ఎవరు కట్టారో చెప్పాడు, ఎంతమందికి బతుకునిచ్చిందో చెప్పాడు. ఆ తర్వాత, "'కాపలాదారు తాగి నిద్రపోవడం వల్ల వెనక తలుపు తెరుచుకోక, అగ్నిప్రమాదంలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.' ఇదండీ. క్లుప్తంగా, గంభీరంగా ఉంది కదా?" అన్నాడు.

నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. కాజాలామె వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

"అది ఎక్కడిది సార్?" అని ఆమే అడిగింది.

"మహాకోశంలోదమ్మా. మామూలు పుస్తకం కాదు, పెద్ద పెద్ద పండితులు రాసింది. అందులో ఉందంటే ఇంక తిరుగులేదు."

"తిరుగుందో లేదో తర్వాత చూద్దాం. ఆ తెర మాత్రం నేను కుట్టను," అన్నాను. ఆయన తెల్లబోయాడు. ఎందుకని అడిగాడు. అక్కడ కూర్చుని కాజాలు తీస్తున్నది ఎవరి కూతురో చెప్పాను. ఆయన నీళ్ళు నమిలాడు. రాయి చెక్కడం అయిపోయిందనీ, తేదీ ఖాయమైందనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ గొణిగి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం దుకాణం మూసి గ్రంథాలయం మెట్లెక్కాం. అక్క మహాకోశం తెరిచి 'నూలు మిల్లు' తీసింది. అధికారి చదివిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. 'అంటారు' అన్న మాట లేదు. చెప్పినవారు లేరు. నమ్మలేదన్న ముక్క లేదు, గునపం లేదు. 

అప్పుడు కాజాలామె అంది, గొంతు పెంచకుండానే. "పెద్దక్కా, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోకండి. అసలు మీరెందుకు రాశారు ఆ మాట? మీరు రాయకుండా ఉంటే వాళ్ళకి ఎక్కడ దొరికేది?"

"నేను నమ్మలేదని రాశాను కదమ్మా. అది అబద్ధమని తెలియాలనే..."

"మీకు మీ పద్ధతి ఉంది. నాకు మా నాన్న ఉన్నాడు," అంది ఆమె. అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అక్క మహాకోశం మూసి పక్కకు జరిపింది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆవిడకు ఎదురుచెప్పి గెలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆ రోజు చూశాను, నాకు సంతోషం మాత్రం కలగలేదు.

మర్నాడే ఇద్దరం బస్సెక్కి రాజధానికి వెళ్ళాం. సంపాదకుడి గది అద్దాల తలుపుల వెనక, చల్లగా ఉంది. నెరిసిన జుట్టు, మెత్తటి మాట. లేచి నిలబడి కుర్చీలు చూపించాడు, టీ తెప్పించాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. అక్క కూర్చోకుండా సరాసరి ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. పక్క భవనం గోడ, నీళ్ళ గొట్టాలు తప్ప ఏమీ లేవు.

"మా గడియార స్తంభం కనపడటం లేదండీ. మీ పుస్తకంలో 'మన కిటికీకి ఎదురుగా' అని ఉంటే చూసిపోదామని వచ్చాం," అంది.

ఆయనకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. కానీ గట్టి మనిషి. "మా సహాయకుల తొందరపాటు. ఒప్పుకుంటున్నాను," అన్నాడు. వచ్చే ముద్రణలో సంపాదకవర్గంలో అక్క పేరు వేస్తామన్నాడు. పెద్ద సభ పెట్టి సన్మానిస్తామన్నాడు.

"నా పేరు అక్కర్లేదు. నూలు మిల్లు దగ్గర చెప్పినవారి పేరు వేయండి. నేను నమ్మలేదన్న ముక్క కూడా వేయండి. ఇప్పుడే ఒక సవరణ పత్రం అచ్చువేసి, పుస్తకం కొన్న అన్ని గ్రంథాలయాలకూ పంపండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది కుదరదమ్మా. ప్రతి మాటకీ ఎవరు చెప్పారో వేస్తూ పోతే అది మహాకోశం అవదు, రచ్చబండ కబుర్లవుతుంది. పాఠకుడు మా దగ్గరికి వచ్చేది తీర్పు కోసం."

"తీర్పు చెప్పేవాడు సాక్షి ఎలాంటివాడో చూడాలి కదండీ. మీరు సాక్షిని బయటికి గెంటేసి, వాడి మాటని మాత్రం తీర్పు అంటున్నారు. కాలి చచ్చిపోయిన మనిషి మీద నింద అది."

"ఆ నిందను మొట్టమొదట అచ్చువేసింది మేము కాదు," అన్నాడాయన నెమ్మదిగా. "మీరే."

అక్క సంచీ భుజాన వేసుకుంది. టీ ముట్టుకోలేదు. "పదవే," అని నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. నేను వస్తూ వస్తూ, "మీ సహాయకులకి కిటికీలు తుడవడం నేర్పించండి," అని ఒకటి విసిరాను. అనకుండా ఉండలేకపోయాను.

బస్సు సగం దారికి వచ్చింది. అప్పుడు ఆవిడ తనలో తాను అన్నట్టు మొదలుపెట్టింది. "ఆ మాట ఊళ్ళో అందరూ అనేవారే. టీ కొట్టులో అనేవారు, మంగలి షాపులో అనేవారు. ప్రతివాణ్ణీ అడుగుతూ పోయాను. వీడికి వాడు చెప్పాడు, వాడికి ఇంకొకడు చెప్పాడు. తవ్వుకుంటూ వెళ్తే అందరూ ఒక్కడి దగ్గరికే తేలారు. ఊరంతా చూసినట్టు చెప్పుకున్న మాట, పుట్టింది ఒక్క నోట్లో. అదీ తాళంచెవి ఎవరి గదిలో ఉందో ఆ మనిషి నోట్లో. అది జనానికి తెలియాలనే రాశానే. తప్పంటావా?"

"తప్పు నీది కాదు, ఎత్తుకుపోయినవాళ్ళది," అన్నాను.

"ఆ పిల్లకి ఆ తేడా ఏం ఓదార్పు?" అంది. 

ఊరికి రాగానే అక్క చేసిన పని విని గ్రంథాలయంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. పెన్సిలు గీతకే మనిషిని గడపదాటనివ్వని ఆవిడ, మహాకోశంలో నూలు మిల్లు పేజీ తెరిచి, జిగురు రాసి, అచ్చువేయించిన చీటీ ఒకటి అంటించింది. చెప్పినవారు ఎవరో, నమ్మనివారు ఎవరో, గునపం సంగతి ఏమిటో, అన్నీ ఉన్నాయి అందులో. పెద్ద లైబ్రేరియన్ పరుగెత్తుకొచ్చి, సర్కారు సొత్తును పాడుచేస్తున్నారని గొడవపెట్టుకున్నాడు.

"పాడుచేయడం లేదు, బాగుచేస్తున్నా. కావాలంటే నామీద పైకి రాయండి. ఎవరు అంటించారని అడిగితే నా పేరు చెప్పండి," అంది.

అంతటితో ఊరుకోలేదు. పక్క ఊళ్ళ గ్రంథాలయాల్లో రిఫరెన్స్ విభాగంలో పనిచేసేవాళ్ళందరికీ చీటీలు పంపింది. కొందరు భయపడి పక్కన పెట్టారు. చాలామంది అంటించారు. పుస్తకాలు కాపాడి కాపాడి విసిగిన జాతి కదా అది, ఒక్కసారి జిగురు చేతికొస్తే ఆగుతారా? నా సంబరం ఇంతా అంతా కాదు. కానీ కాజాలామె పనికి రావడమైతే వస్తోంది, నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. రాతికి జిగురుతో చీటీ అంటదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆవిష్కరణ రోజు వచ్చింది. మిల్లు హాలు నేను ఇదివరకు చూసినట్టు లేదు. ఇటుకల మీది మసి కడిగేశారు, మగ్గాలకు నల్లరంగు వేసి వరసగా నిలబెట్టారు. ముందు వరసలో పెద్దమనుషులు. వాళ్ళలో మేనేజరు కొడుకు ఉన్నాడు. ఊళ్ళో పేరున్న హోటలు అతనిది, మ్యూజియానికి విరాళం ఇచ్చాడని అతన్ని పిలిచారు. వెనక వరసల్లో మిల్లులో పనిచేసిన ముసలివాళ్ళు. ఎక్కడో కుట్టించిన ముడతల తెర ఫలకం మీద వేలాడుతోంది. అంచు మడత వంకర, చూస్తేనే తెలుస్తోంది. పక్కనే రాయి చెక్కిన మేస్త్రి సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

అధికారి మైకు అందుకోబోతుంటే అక్క లేచి వెళ్ళి తెరకు అడ్డంగా నిలబడింది. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. కాజాలామె గోడవారగా ఉంది, ముందుకు రాలేదు.

"మేడమ్, ఇప్పుడు వద్దండీ, దయచేసి," అన్నాడు అధికారి గొంతు తగ్గించి.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఈ తెర తీశాక ఊళ్ళో ప్రతి పిల్లా ఈ రాయి చదువుతుంది. ఆ వాక్యం అబద్ధం. ఎవరి అబద్ధమో నా దగ్గర అచ్చులో ఉంది. అది సరిచేయకుండా తెర తీయనివ్వను."

"మహాకోశంలో..."

"మహాకోశంలోకి వెళ్ళింది నా పుస్తకం నుంచే. సగం కోసేసి పట్టుకెళ్ళారు. మిగతా సగం నేను తెచ్చాను."

వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. ముసలి కార్మికులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అరవలేదు, కూర్చోనూ లేదు. అధికారి అటూ ఇటూ చూసి, మేస్త్రితో ఏదో మాట్లాడి, అక్క దగ్గరికి వచ్చాడు. "సరే మేడమ్. ఆ ఒక్క వాక్యం చెక్కి తీయించేస్తాను. ఉలితో లాగేస్తే ఆనవాలు కూడా ఉండదు. కాపలాదారు ఊసే ఉండదు. ఇంక గొడవ లేదు కదా?"

మేనేజరు కొడుకు కూర్చున్నచోటునుంచే అందుకున్నాడు. "అదే మంచిది. పాత విషయాలు ఇప్పుడెందుకు? తీసేయండి, తీసేయండి. అందరికీ మర్యాదగా ఉంటుంది."

అక్క వెంటనే ఒప్పుకోలేదు. కాజాలామె వైపు తిరిగింది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "నీ ఇష్టమమ్మా. నా పద్ధతి సంగతి వదిలేయ్. తీసేయమంటే తీసేయిద్దాం."

జీవితమంతా ఒక్క మాట కొట్టేయడానికి ఒప్పుకోని మనిషి, ఆ పిల్ల కోసం ఒప్పుకుంది. 

కాజాలామె గోడ వదిలి ముందుకు వచ్చింది. మేనేజరు కొడుకును ఎగాదిగా చూసింది.

"తీయొద్దు," అంది.

అధికారి నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు. "ఇన్నేళ్ళూ ఆ మాట పోతే చాలనుకున్నా. ఇప్పుడు ఈయన తీసేయండి తీసేయండి అంటుంటే తెలిసొచ్చింది. రాయి మీద తీసేస్తే ఊళ్ళో నోళ్ళలోంచి పోతుందా? మా నాన్న తాగుబోతన్న మాట అలాగే ఉంటుంది. ఆ మాట అన్నవాడు మాత్రం ఉండడు. అది ఈయనకి హాయి, నాకు కాదు. ఆ వాక్యం అలాగే ఉంచండి. దాని కింద చెప్పింది ఎవరో చెక్కండి. దాని కింద, అది అబద్ధమని నేనంటున్నానని చెక్కండి. నా పేరుతో."

మేనేజరు కొడుకు లేచాడు. "మా నాన్న పేరు రాయి ఎక్కిస్తారా? నేనొప్పుకోను."

"మా నాన్న మీద నింద ఎక్కించేటప్పుడు నన్నెవరైనా అడిగారా?" అంది ఆమె.

అతను చుట్టూ చూశాడు. పక్కన కూర్చున్న పెద్దమనుషులు చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

"రాయి మీద చోటు లేదమ్మా," అన్నాడు అధికారి చివరి ప్రయత్నంగా.

ఎవరూ అడగకుండానే మేస్త్రి ముందుకు వచ్చి, తెర కింది నుంచి చెయ్యి పోనిచ్చి, ఆఖరి వరస కింద అరచెయ్యి పరిచి చూశాడు. "ఉంది సార్," అన్నాడు.

వెనక నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ కూర్చోలేదు. అధికారి మైకు ఆపేయించి, "కానివ్వండి," అన్నాడు. అక్క కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది, ఎంతకీ తుడవడం అవడం లేదు.

మేస్త్రి చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడు. "ముందు ఎవరి పేరమ్మా?" అని అడిగాడు.

"చెప్పినాయనది," అంది కాజాలామె. "ఆ తర్వాత నాది."